పెద్దాసుపత్రిలో ఉద్యోగం అంటే ఎవరి దగ్గర ఉద్యోగం?

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన అమ్మాయి గానీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసిన అబ్బాయి గానీ, పదో తరగతితో చదువు ఆపేసి ఏదో ఒక పనిలో కుదురుకుందామనుకునేవాళ్లు గానీ ముందుగా చూసేది తిరుపతి ఆసుపత్రుల వైపే. చూడక ఏం చేస్తారు మరి, అలిపిరి రోడ్డులో రుయా, స్విమ్స్, బర్డ్, ఎస్వీ మెడికల్ కాలేజీ, చిన్నపిల్లల హృదయాలయం అన్నీ దగ్గర దగ్గరే, ఇంకాస్త పైకి పోతే టాటా ట్రస్టు క్యాన్సర్ ఆసుపత్రి, ఇక ఊరంతా ప్రైవేటు ఆసుపత్రులు. చిత్తూరు వైపు వాళ్లకైతే అపోలో ఉంది, గుడిపాల దగ్గర సీఎంసీ క్యాంపస్ ఉంది, సరిహద్దు దాటితే వేలూరు. "పెద్దాసుపత్రిలో పని దొరికింది" అని ఫోన్ వస్తే ఇంట్లో అందరికీ ధైర్యం వస్తుంది.

నేను ఆసుపత్రి ఆఫీసుల్లో జీతాల బిల్లులు, సెలవుల రిజిస్టర్లు, సర్వీసు పుస్తకాలు చూసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒకే మంచం దగ్గర నిలబడి ఒకే పేషెంటును చూసుకునే ఆరేడుగురికి ఆరేడు రకాల యజమానులు ఉంటారు. గేటు మీద బోర్డు ఒకటే, యూనిఫారం దాదాపు ఒకటే, పడే కష్టం ఒకటే, జీతం వేసే చేయి మాత్రం వేరు. చేరేటప్పుడు దీని గురించి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రెండు మూడేళ్ల తర్వాత ఏదో కష్టం వచ్చి ఆఫీసు మెట్లెక్కినప్పుడు "మీరు మా స్టాఫ్ కాదమ్మా, మీ ఏజెన్సీని అడగండి" అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట విని బయటికి పోయే మనిషి ముఖం చూడటం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. చేరకముందే ఈ లెక్క తెలిసి ఉంటే సగం మంది వేరే రకంగా అడిగేవాళ్లు, వేరే రకంగా కాగితాలు దాచుకునేవాళ్లు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఒక వార్డు, ఎంతమంది యజమానులు?

ఏదో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ వార్డు అనుకోండి, పొద్దున ఎనిమిది గంటలు, హ్యాండోవర్ జరుగుతోంది. హెడ్ నర్సు రెగ్యులర్ ఉద్యోగి, ఆమెకు పే స్కేలు, డీఏ, ఇంక్రిమెంటు, సర్వీసు పుస్తకం అన్నీ ఉన్నాయి, ఆమె యజమాని రాష్ట్ర ప్రభుత్వం. పక్కన ఉన్న స్టాఫ్ నర్సు కాంట్రాక్టు మీద వచ్చింది, ఏటా రెన్యూవల్ కావాలి. కంప్యూటర్ దగ్గర ఉన్న డేటా ఎంట్రీ ఆపరేటర్ ఔట్‌సోర్సింగ్, జీతం ఆప్కాస్ ద్వారా వస్తుంది (మధ్యలో ఏజెన్సీలు కమీషన్లు తినకుండా జీతం నేరుగా ఖాతాలో పడాలని 2020లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్ అది). నేల తుడుస్తున్న శానిటేషన్ అక్క ఒక ప్రైవేటు ఏజెన్సీ మనిషి, తలుపు దగ్గర సెక్యూరిటీ అన్న ఇంకో ఏజెన్సీ మనిషి. కేస్ షీట్ పట్టుకున్న హౌస్ సర్జన్, పీజీ డాక్టరు లెక్క ప్రకారం విద్యార్థులు, వాళ్లకు వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్ర ట్రస్టు తరఫున పని చేస్తారు, ఆసుపత్రి తరఫున కాదు. ఇక నర్సింగ్ కాలేజీ నుంచి క్లినికల్ పోస్టింగ్‌కు వచ్చిన పిల్లలు, వాళ్లకు రూపాయి రాదు గానీ సగం పని వాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది.

తిరుపతిలో ఈ లెక్క ఇంకొంచెం ముదురుతుంది, ఎందుకంటే ఇక్కడ టీటీడీ ఉంది. స్విమ్స్ టీటీడీ ఆధ్వర్యంలో మొదలై 1995లో ప్రత్యేక చట్టంతో విశ్వవిద్యాలయమైంది, దాని సర్వీసు నిబంధనలు దానివే. దాని పక్కనే ఉన్న రుయాలో ఉద్యోగులు డీఎంఈ కింద, అంటే రాష్ట్ర వైద్య విద్యా శాఖ కింద. బర్డ్, చిన్నపిల్లల హృదయాలయం, కొండ మీద అశ్విని ఆసుపత్రి టీటీడీ గొడుగు కిందివి. టీటీడీలో ఔట్‌సోర్సింగ్ మనుషుల కోసం శ్రీ లక్ష్మీ శ్రీనివాస మ్యాన్‌పవర్ కార్పొరేషన్ అని మరో సంస్థ ఉంది. చిత్తూరులోనైతే ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిని అపోలో మెడికల్ కాలేజీకి శిక్షణ కోసం జత చేశారు కాబట్టి, ఒకే కాంపౌండులో ప్రభుత్వ సిబ్బందీ, ప్రైవేటు కాలేజీ సిబ్బందీ కనబడతారు. "ఫలానా ఆసుపత్రిలో చేస్తున్నా" అంటే సగం సంగతే చెప్పినట్టు.

ప్రైవేటు, కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇంతకంటే సులువుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ అదీ నిజం కాదు. మందుల షాపు ఒకరికి, క్యాంటీన్ ఇంకొకరికి, ల్యాబ్ మరో కంపెనీకి ఇచ్చేసి ఉంటారు. పెద్ద డాక్టర్లలో చాలామంది అసలు ఉద్యోగులే కారు, వాళ్లకు ప్రొఫెషనల్ ఫీజు కింద డబ్బు ఇచ్చి 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోస్తారు, పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. కొన్నేళ్ల పాటు నెలకింత గ్యారంటీ అని ఒప్పుకుని, ఆ గడువు అయ్యాక వచ్చిన పేషెంట్లను బట్టి ఇస్తామంటారు. యువ డాక్టర్లు ఆ మొదటి అంకె చూసి సంతోషపడతారు, గడువు తర్వాత ఏమిటన్న పేజీ చదవరు.

కాబట్టి చేరే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు. అపాయింట్‌మెంట్ ఆర్డరు ఏ పేరు మీద వస్తుంది, జీతం ఏ ఖాతా నుంచి పడుతుంది, పీఎఫ్ ఏ సంస్థ కోడ్ కింద కడతారు. ఈ మూడూ తెలిస్తే మీ యజమాని ఎవరో తెలిసినట్టే. ఆర్డరు కాగితమే ఇవ్వకుండా "రేపట్నుంచి వచ్చేయండి" అనే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2025 నవంబర్ 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి, మొహమాటపడకుండా అడగండి.

20 వేలు అన్నారు, 16 వేలే వచ్చాయి

మొదటి నెల జీతం పడ్డ రోజు నా బల్ల దగ్గరికి వచ్చే ప్రశ్న ఇది. మోసం జరిగిందని కోపంగా వస్తారు. చాలాసార్లు మోసం ఉండదు, చెప్పిన పద్ధతిలో తేడా ఉంటుంది, కొన్నిసార్లు మాత్రం నిజంగానే ఉంటుంది. రెండింటికీ తేడా తెలియాలంటే పే స్లిప్పు చదవడం రావాలి.

ఒక ఉదాహరణ వేద్దాం. బేసిక్ 12,000, మిగతా అలవెన్సులు 6,000, మొత్తం గ్రాస్ 18,000. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, అంటే 1,440. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) గ్రాస్ మీద 0.75 శాతం, అంటే 135. ఆంధ్రప్రదేశ్‌లో 15 వేలు దాటి 20 వేల లోపు జీతానికి ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకు 150. ఇవన్నీ పోగా చేతికి వచ్చేది 16,275. మరి 20 వేలు ఎక్కడివి? యజమాని కట్టే పీఎఫ్ 1,440, యజమాని వాటా ఈఎస్‌ఐ 3.25 శాతం కింద 585, రెండూ గ్రాస్‌కు కలిపితే 20,025. దాన్నే సీటీసీ, అంటే మీ మీద యజమానికి అయ్యే మొత్తం ఖర్చు, అని చెప్పారు. కొందరు గ్రాట్యుటీ పేరుతో నెలకు ఇంకో ఐదారు వందలు కూడా అందులో కలిపేస్తారు. ఇంటర్వ్యూలో "చేతికి ఎంత వస్తుంది సార్?" అని ఒక్క మాట అడిగితే ఈ గొడవే లేదు.

అసలు మోసం ఎక్కడంటే, యజమాని వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే కోసేయడం. చిన్న ఏజెన్సీల్లో ఇది జరగడం నేను చూశాను, బేసిక్ మీద 12కు బదులు 24 శాతం పోతుంది, అడిగితే "రూలే అంత" అంటారు. రూలు దానికి పూర్తిగా ఉల్టా. యజమాని వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఇంకో రకం, కోశారు గానీ కట్టలేదు. అందుకే నెలకోసారి ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవడం అలవాటు చేసుకోండి, ఉమంగ్ యాప్‌లో యూఏఎన్ (ఉద్యోగాలు మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కొడితే వస్తుంది. ఏజెన్సీ కట్టకపోతే అసలు యజమాని, అంటే ఆ ఏజెన్సీని పెట్టుకున్న ఆసుపత్రి, దానికి బాధ్యత వహించాలి. పీఎఫ్‌కూ ఈఎస్‌ఐకీ రెండింటికీ ఇది వర్తిస్తుంది. "మీరు మా స్టాఫ్ కాదు" అనే మాట ఈ విషయంలో చెల్లదు.

పీఎఫ్ గురించి ఇంకొక్కటి చెప్పాలి, ఇది చాలా ఇళ్లలో నష్టం చేస్తోంది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది, పై ఉదాహరణలో 1,440లో సుమారు 1,000. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. మన నర్సు పిల్లలు రెండేళ్లు ఒక ఆసుపత్రిలో, మూడేళ్లు ఇంకో దాంట్లో చేస్తారు, మారిన ప్రతిసారీ పెళ్లి ఖర్చుకో, అప్పుకో పెన్షన్ డబ్బుతో సహా పీఎఫ్ మొత్తం తీసేస్తారు. దాంతో పాటు పెన్షన్ సర్వీసు కూడా తుడిచిపెట్టుకుపోయి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అవసరం ఉంటే తీసుకోవద్దని నేను చెప్పలేను, అప్పుల బాధ నాకు తెలుసు, కానీ వీలైతే పాత ఖాతాను కొత్త దానికి బదిలీ చేయించుకోండి, యూఏఎన్ ఒక్కటే ఉండేలా చూసుకోండి. ఆ ఖాతాతోనే ఈడీఎల్‌ఐ అనే ఇన్సూరెన్సు కూడా ఉంటుంది, ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. కోవిడ్‌లో పోయినవాళ్ల ఇళ్లలో కొందరికి ఈ సంగతే తెలియదు. నామినీ పేరు ఎక్కించారా లేదా ఈ రోజే చూడండి.

ఈఎస్‌ఐకి 21,000 హద్దు. జీతం అంతకు లోపు ఉంటే మీకూ మీ కుటుంబానికీ వైద్యం, జబ్బు పడి సెలవు పెడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం. నవంబరులోనో డిసెంబరులోనో ఇంక్రిమెంటు వచ్చి 21 వేలు దాటితే వెంటనే పోదు, ఆ ఆరు నెలల చందా కాలం పూర్తయ్యే మార్చి దాకా చందా సాగుతుంది. ఏప్రిల్ నుంచి చందా ఆగిపోతుంది, ఆ తర్వాత కొన్ని నెలలకు వైద్యం కూడా ఆగిపోతుంది. నాలుగు వందలు పెరిగిన సంతోషంలో ఇంట్లో పెద్దవాళ్ల మందులకు ఉన్న ఆధారం పోయిందని ఆసుపత్రి పాలయ్యాక గానీ తెలియదు. ఆ నెలల్లోనే వేరే హెల్త్ ఇన్సూరెన్సు చూసుకోవాలి.

నర్సుల జీతం గురించి ఒక పెద్ద సిఫారసు ఉంది, అమలు చూస్తే బాధేస్తుంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు ఆసుపత్రుల నర్సులకు ఇలా సిఫారసు చేసింది: 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 100 నుంచి 200 మధ్య ఉంటే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, ఎంత చిన్న ఆసుపత్రి అయినా 20,000కు తగ్గకూడదు. దీన్ని చట్టంగా మార్చే పని రాష్ట్రాలకు వదిలేశారు. మన చుట్టుపక్కల ఐదేళ్ల అనుభవం ఉన్న సిస్టర్ కూడా 20 వేలు చూడని ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయో నర్సింగ్ చదివిన పిల్ల ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు. ఐసీయూలో ఒక ప్రాణాన్ని రాత్రంతా కాపలా కాసే మనిషికి ఇవ్వాల్సింది అది కాదు.

రోస్టర్ అనే కాగితం

పెద్ద సంస్థలో మీ జీవితాన్ని నడిపేది జీతం కంటే ఎక్కువగా రోస్టరే, అంటే డ్యూటీల పట్టికే. చాలా చోట్ల నర్సులకు పొద్దున 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. కాగితం మీద బాగుంటుంది. జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలని, పైగా సెలవుల కోసం 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ 30 శాతం ఎక్కడా కనబడదు. కనబడదు కాబట్టే ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరికి డబుల్ డ్యూటీ పడుతుంది, ఇన్‌చార్జి సిస్టర్ మీద అందరికీ కోపం వస్తుంది. నిజానికి ఆమె చేతిలో ఉన్నది పది పేర్లు, నింపాల్సినవి పదిహేను గళ్లు. ఆమె మీద అరిచి లాభం లేదు, ఆమె పై నుంచి ఖాళీలు నింపమని అందరూ కలిసి రాతపూర్వకంగా అడిగితే కొంచెం కదలిక వస్తుంది.

జూనియర్ డాక్టర్ల సంగతి ఇంకా ఘోరం. రెసిడెంట్ డాక్టర్లకు ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని 1992లోనే కేంద్రం ఆదేశం ఇచ్చింది. 36 గంటల డ్యూటీ చేసి వచ్చిన పిల్లాడు ఓపీలో కూర్చుని పేరు రెండుసార్లు అడిగాడని పేషెంటు బంధువు విసుక్కుంటాడు, ఆ పిల్లాడు ఎన్ని గంటల నుంచి కళ్లు తెరిచి ఉన్నాడో ఆయనకు ఎట్లా తెలుస్తుంది.

తిరుపతిలో దీనికి తోడు మన ఊరి క్యాలెండర్ ఒకటి ఉంది. బ్రహ్మోత్సవాలు, ముఖ్యంగా గరుడసేవ, వైకుంఠ ఏకాదశి, వేసవి రద్దీ. ఆ రోజుల్లో కొండ మీదికి ప్రత్యేక వైద్య బృందాలు పోతాయి, కింద వార్డులో మనుషులు తగ్గుతారు, వచ్చే కేసులు పెరుగుతాయి. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు, గాయపడ్డవాళ్లను తెచ్చింది రుయాకూ స్విమ్స్‌కూనే. అట్లాంటి రాత్రి డ్యూటీ గంట అయిపోయిందని ఎవరూ చెప్పులు వేసుకోరు. మామూలు రోజుల్లో కూడా కడప, నెల్లూరు వైపు నుంచీ, తిరుత్తణి, అరక్కోణం నుంచీ వస్తారు కాబట్టి నాలుగు ముక్కలు తమిళం వస్తే ఓపీలో మీ పని సగం తేలికవుతుంది. ఇంటర్వ్యూలో అది చెప్పండి, లెక్కలోకి తీసుకుంటారు.

రాత్రి డ్యూటీలు ఊరికే అలసట అని కొట్టిపారేయకండి. క్యాన్సర్ మీద పరిశోధించే ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2007లో చేర్చి, 2019లో మళ్లీ అదే మాట నిలబెట్టింది. భయపెట్టడానికి చెప్పడం లేదు, నైట్ తర్వాత ఇచ్చే ఆఫ్ దయ కాదు, అది మీకు రావాల్సినదని చెబుతున్నా. నైట్ దిగి ఇంటికొచ్చిన కోడలిని టిఫిను చేయమని లేపే ఇళ్లు కూడా ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

సూది గుచ్చుకుంటే

ఔట్‌సోర్సింగ్ పేరుతో ఒక మనిషిని "మా వాడు కాదు" అనడం ఎంత ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది. వార్డులో వాడిన సూదులు తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో, ప్లాస్టిక్ ట్యూబులు, సెలైన్ బాటిళ్లు ఎరుపులో, గాజు సీసాలు నీలంలో వేయాలి. హడావిడిలో ఒక సూది పసుపు సంచిలో పడిందనుకోండి, దాన్ని మోసుకెళ్లే శానిటేషన్ అక్క అరచేతిలో గుచ్చుకుంటుంది. గుచ్చుకున్న చోట సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి, పిండకూడదు, వెంటనే క్యాజువాలిటీకి పోవాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి.

స్టాఫ్ నర్సుకు ఇది తెలుసు, ఆమె పోతుంది. శానిటేషన్ అక్క చెప్పదు. "చెప్తే పని తీసేస్తారు సిస్టరమ్మా, మాకెవురుండారు" అంటుంది. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే ప్రతి మనిషికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, చేరినప్పుడూ తర్వాత ఏటా వైద్య పరీక్షలు చేయించడం, గ్లౌజులు, బూట్లు ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత. ఏజెన్సీది అని అందులో లేదు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. ఏజెన్సీలు మారుతుంటే మూడో డోసు ఎవరూ పట్టించుకోరు. మీరు నర్సు అయినా, డాక్టరైనా, మీ వార్డులో ఊడ్చే మనిషిని "అక్కా, మూడో సూది వేయించుకున్నావా?" అని ఒకసారి అడగండి. మీకు ఒక నిమిషం పని అది.

కోపం ఎవరి మీద పడుతుంది

2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, ప్రెషర్ పడిపోయి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. ఆ రాత్రి అయినవాళ్లను పోగొట్టుకున్న మనుషుల దుఃఖాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఆ కోపం ఎదురైంది ట్యాంకరు ఎప్పుడు రావాలో నిర్ణయించేవాళ్లకు కాదు, ఆ క్షణంలో వార్డులో ఉన్న నర్సులకూ డాక్టర్లకూ. పెద్ద ఆసుపత్రిలో పనిచేయడంలో ఉన్న అతి పెద్ద బరువు ఇదేనని నాకు అనిపిస్తుంది. మందు లేకపోవడం, మంచం లేకపోవడం, స్కానింగ్‌కు మూడు రోజులు పట్టడం, వీటిలో ఏదీ మీ చేతిలో లేదు, పేషెంటు తరఫువాళ్లకు కనబడేది మాత్రం మీరే.

ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అని 2008 నుంచే మన రాష్ట్రంలో చట్టం ఉంది. అది డాక్టర్లకే కాదు, నర్సులకూ, పారామెడికల్ సిబ్బందికీ వర్తిస్తుంది. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఆ 2008 చట్టం కింద సెక్షన్ పెట్టమని అడగాలి, లేకపోతే మామూలు గొడవ కింద రాసి రాజీ చేసి పంపేస్తారు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఆసుపత్రిలోనే ఒక మహిళా జూనియర్ డాక్టరు హత్య తర్వాత దేశమంతా డాక్టర్లు రోడ్డెక్కారు, సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. మీ ఆసుపత్రిలో ఏం మారిందో చూడాలంటే పెద్ద రిపోర్టులు అక్కర్లేదు, నైట్ డ్యూటీ చేసే ఆడవాళ్లకు లోపల గడియ ఉన్న గది ఉందా, వార్డు నుంచి హాస్టల్ దాకా దారిలో లైట్లు వెలుగుతున్నాయా, అంతే.

లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం చాలా స్పష్టంగా ఉంది. పది మంది గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు ఆడమనిషే అయి ఉండాలి, మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఈ చట్టంలో ఉద్యోగి అంటే ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు, ట్రైనీలు, జీతం లేకుండా నేర్చుకునేవాళ్లు అందరూ. కాబట్టి "ఏజెన్సీకి చెప్పుకో" అని తిప్పి పంపడానికి ఇక్కడా కుదరదు. ఫిర్యాదు సంస్థ యజమాని మీదే అయితే జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది.

కాగితం బలం

పెద్ద సంస్థలో నోటిమాటకు ఆయుష్షు తక్కువ. ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పారు, ఆమె నర్సింగ్ సూపరింటెండెంట్‌కు చెప్పింది, ఆమె ఆర్‌ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుకు) చెప్పింది, ఆయన సెలవులో పోయారు, ఆయన స్థానంలో వచ్చినవాళ్లకు ఏమీ తెలియదు. నేను ఎంతమందికి చెప్పి ఉంటానో, సెలవైనా, జీతం తేడా అయినా, డ్యూటీ మార్పు అయినా, తెల్ల కాగితం మీద రాసి ఆఫీసులో వచ్చే కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌కు ఇచ్చి, మీ దగ్గరున్న కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు ఉన్న కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు కింద ఆ నంబరు వేసి "ఈ అర్జీ ఏమైంది" అని అడగొచ్చు, చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నకే ఫైలు కదులుతుంది.

ఇంత చెప్పాక పెద్దాసుపత్రికి పోవద్దంటున్నానని అనుకోకండి. నేను చూసినంతలో పని నేర్చుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. చిన్న నర్సింగ్ హోంలో పదేళ్లలో చూడని కేసులు అక్కడ ఆరు నెలల్లో చూస్తారు. వెంటిలేటరు, డయాలిసిస్, క్యాథ్‌ల్యాబ్, ఏది ఇష్టమైతే దాని వైపు మారే అవకాశం ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే ఏ డాక్టరు దగ్గరికి పోవాలో తెలుస్తుంది, ఆ ధైర్యం డబ్బుతో కొలిచేది కాదు. గల్ఫుకో, జర్మనీకో పోదామనుకునే నర్సులకు పెద్ద ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉందన్న సర్టిఫికెట్టు తలుపు తీస్తుంది. రాత్రి మూడు గంటలకు వార్డులో కలిసి టీ తాగిన మనుషులు తర్వాత ఎక్కడున్నా ఫోన్ చేసుకుంటూనే ఉంటారు.

ఇక మానేసేటప్పుడు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వకండి, చూసి, జిరాక్సు తీసుకుని తిరిగి ఇవ్వాల్సిందే, వాటిని తాకట్టులా ఉంచుకునే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. మానేస్తున్నామని ఆర్డరులో ఉన్న నోటీసు కాలం చూసి రాతపూర్వకంగా ఇవ్వండి, దానికీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం రెండూ వేర్వేరు కాగితాలు, రెండూ అడగండి, అనుభవ పత్రంలో వార్డు పేరు, ఎన్ని పడకల ఆసుపత్రో ఉండేలా చూడండి, విదేశాల వాళ్లు అది చూస్తారు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, చివరి బేసిక్, డీఏలను 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 12,000 బేసిక్ మీద ఆరేళ్లకు సుమారు 41,500. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు వాళ్లకైతే కొత్త కోడ్‌లు దాన్ని ఏడాదికి తగ్గించాయి, కాబట్టి మీ ఆర్డరులో ఏ మాట రాసి ఉందో మళ్లీ ఒకసారి తీసి చూడండి. పీఎఫ్ పోర్టల్‌లో మీరు మానేసిన తేదీని పాత యజమాని ఎక్కించాలి, అది లేకపోతే తీసుకోవడానికీ బదిలీకీ చిక్కు వస్తుంది. వాళ్లు ఎక్కించకుండా తిప్పుతుంటే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీ యూఏఎన్‌తో లాగిన్ అయి ఆ తేదీని మీరే ఎక్కించుకోవచ్చు, ఆధార్‌కు జత చేసిన ఫోన్ నంబరు పనిచేస్తుంటే చాలు.